మోటారు సైకిల్ బిగింపుల్లో బోల్టు మర కొలతల గుర్తింపు: ఒక సమీక్ష

మోటారు సైకిల్‌కు కొత్త భాగం తొడిగేటప్పుడో, విప్పిన భాగాన్ని తిరిగి దాని చోట బిగించేటప్పుడో బోల్టు మర కొలత విషయంలో పొరపాటు జరిగితే, దాని ఫలితం ఆ క్షణంలో బయటపడదు. సరిపోని బోల్టు రెండు మూడు చుట్లు చేతితోనే ఎక్కుతుంది, ఆ తరువాత పానా వేసి నొక్కితే ఇంకొంత లోపలికి పోతుంది, చివరకు బిగిసినట్టే అనిపిస్తుంది. ఉక్కు బోల్టు మెత్తని అల్యూమినియం గోడలో తన దారి తాను కోసుకుంటూ పోయిందన్న సంగతి, బండి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, ఆ చోటు నుంచి ఇంజన్ ఆయిల్ కారడం మొదలైనప్పుడో, ఫుట్‌రెస్టు ఊగులాడినప్పుడో మాత్రమే తెలుస్తుంది. అప్పటికి పది రూపాయల బోల్టుతో తీరవలసిన పని, లేత్ షాపుకు క్రాంక్‌కేసు మోసుకుపోయేదాకా వస్తుంది. అందువల్ల మర కొలతను గుర్తించడం చిన్న విషయంగా కనిపించినా, రెండు చక్రాల బండ్ల మరమ్మతులో అన్నిటికంటే ముందుగా నేర్వవలసిన విద్య అదే.

ఈ సమస్య మెదక్ జిల్లా నర్సాపూర్ వంటి పట్టణాల్లో ప్రత్యేకమైన రూపం తీసుకుంటుంది. హైదరాబాద్ నుంచి బాలానగర్, దుండిగల్, గుమ్మడిదల మీదుగా మెదక్ వెళ్లే రహదారిపై, అడవిని ఆనుకొని ఉన్న ఈ రెవెన్యూ డివిజన్ కేంద్రానికి చుట్టుపక్కల పల్లెల వారు బండ్ల మరమ్మతు కోసం వస్తారు. ఇటువంటి చోట ఒకే మెకానిక్ షెడ్డు ముందు నిన్న మొన్న కొన్న కొత్త బండి, ముప్పై ఏళ్ల నాటి యమహా ఆర్‌ఎక్స్ 100, తండ్రి నుంచి కొడుకు చేతికి వచ్చిన బజాజ్ చేతక్, పాత బుల్లెట్ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉండటం వింత కాదు. నగరంలో కంపెనీ సర్వీసు సెంటరుకు ఒక్క కంపెనీ బండ్లే వస్తాయి, వాటికి కావలసిన బోల్టు పార్టు నంబరు ప్రకారం పెట్టెలో నుంచి దిగుతుంది. చిన్న పట్టణపు షెడ్డులో మాత్రం విప్పిన బండ్లలో మిగిలిపోయిన బోల్టులన్నీ ఒకే రేకు డబ్బాలో చేరతాయి, అవసరం పడినప్పుడు అదే డబ్బాలో నుంచి పొడవుకు, లావుకు సరిపోయినట్టు కనిపించేది బయటకు వస్తుంది. మర పొరపాట్లలో చాలా భాగం ఈ డబ్బా దగ్గరే మొదలవుతుంది. ఇందులో మెకానిక్ నేర్పుకు లోపం లేదు, వేర్వేరు దేశాల కొలతలు ఒకే డబ్బాలో కలిసిపోవడమే అసలు కారణం.

బోల్టు ఒంటి మీద మెలికగా తిరిగే గాడిని మర అని, షెడ్డుల్లో చూడీ అని, త్రెడ్ అని వ్యవహరిస్తారు. ఒక మరను పూర్తిగా వర్ణించడానికి నాలుగు సంగతులు తెలియాలి. మొదటిది వ్యాసం, అంటే ఒక వైపు మర అంచు నుంచి ఎదుటి వైపు మర అంచు వరకు ఉండే లావు. రెండవది పిచ్, అంటే ఒక మర అంచుకూ దాని పక్క మర అంచుకూ మధ్య దూరం, అంటే బోల్టు ఒక చుట్టు తిరిగితే అది ఎంత లోపలికి పోతుందో ఆ కొలత. మూడవది మర పక్కల మధ్య ఉండే కోణం. నాలుగవది మర తిరిగే దిక్కు. మెట్రిక్ పద్ధతిలో ఎం8×1.25 అని రాస్తే వ్యాసం 8 మి.మీ., పిచ్ 1.25 మి.మీ. అని అర్థం, కోణం 60 డిగ్రీలన్నది ఆ ఎం అక్షరంలోనే ఇమిడి ఉంది. అంగుళాల పద్ధతిలో పిచ్‌ను నేరుగా చెప్పకుండా ఒక అంగుళం పొడవులో ఎన్ని మరలు పడతాయో లెక్కగా చెబుతారు, కాబట్టి అక్కడ సంఖ్య పెరిగిన కొద్దీ మర సన్నబడుతుంది.

ఈ నాలుగు సంగతుల్లో ఒక్కదాన్ని కూడా మెట్రిక్ పానా నంబరు చెప్పదు. బోల్టు గుర్తింపులో తరచుగా జరిగే మొదటి పొరపాటు ఇక్కడే ఉంది, అందుకే దీన్ని కొంత వివరంగా చూడాలి. పన్నెండో నంబరు బోల్టు కావాలని దుకాణంలో అడిగినప్పుడు ఆ పన్నెండు బోల్టు తల ఎదురెదురు పక్కల మధ్య వెడల్పే గాని మర లావు కాదు. ఎం8 బోల్టు తల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13 మి.మీ. ఉంటుంది, జపాన్ వాహన పరిశ్రమ అలవాటు ప్రకారం 12 మి.మీ. ఉంటుంది, తల కింద చక్రం లాంటి అంచు ఉన్న చిన్న ఫ్లాంజ్ రకంలో 10 మి.మీ.కు కూడా తగ్గుతుంది. ఆ 10 నంబరు పానాయే మామూలు ఎం6 బోల్టు తలకూ పడుతుంది. పదిహేడో నంబరు పానా పాత జర్మన్ ప్రమాణపు ఎం10 బోల్టుకు సరిపోతుంది, హోండా వంశపు బండ్ల ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు కూడా సరిపోతుంది, కాని ఆ డ్రెయిన్ బోల్టు మర ఎం12×1.5. బ్రిటిష్ విట్‌వర్త్ పానాల సంగతి పూర్తిగా వేరు: వాటి మీద ఉండే అంకె నోటి వెడల్పును గాక అది పట్టే బోల్టు వ్యాసాన్ని సూచిస్తుంది, కాబట్టి పావు అంగుళం అని ముద్రించిన విట్‌వర్త్ పానా నోరు నిజానికి 13.3 మి.మీ. వెడల్పు ఉంటుంది. అటువంటి తల మీద 13 నంబరు ఎక్కదు, 14 నంబరు వదులై మూలలను గుండ్రం చేస్తుంది; పాత బుల్లెట్లలో నలిగిపోయిన నట్టు తలలకు ఇదొక ముఖ్య కారణం.

ఇన్ని కొలతలు ఒకే ఊరికి ఎలా చేరాయో తెలుసుకోవడం గుర్తింపుకు నేరుగా పనికొస్తుంది. మరకు మొదటి జాతీయ ప్రమాణాన్ని 1841లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు, అంచులు, గాడి అడుగు గుండ్రంగా ఉంటాయి. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణాన్ని, చదునైన అంచును సూచించాడు, తయారీకి సులువైన ఆ కోణమే తరువాత మెట్రిక్ మరకూ ఆధారమైంది. ఇంగ్లండులో సైకిళ్లకు విట్‌వర్త్ మర మరీ ముతక అనిపించడంతో అక్కడి సైకిల్ ఇంజనీర్ల సంస్థ 1902లో వేరే ప్రమాణం తెచ్చింది. దానిలో సాధారణంగా వాడే లావులన్నిటికీ అంగుళానికి 26 మరలే. సైకిల్ కార్ఖానాల నుంచి పుట్టిన బ్రిటిష్ మోటారు సైకిళ్లు ఈ 26 మరలను వెంట తెచ్చుకున్నాయి. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి ఇంగ్లండులోని రెడిచ్ కార్ఖానా నమూనా బుల్లెట్‌ను మద్రాసులో తయారు చేయడం మొదలుపెట్టాక, ఈ సైకిల్ మర తెలుగు పల్లెలకు ఆ బండితో పాటే వచ్చింది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది, మెట్రిక్ మరలకు ఐఎస్ 4218 అనే భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. అయినా పోత ఇనుము సిలిండరున్న పాత బుల్లెట్లలో బ్రిటిష్ మరలు చాలా కాలం కొనసాగి, వాటి మధ్య మధ్యలో మెట్రిక్ మరలు వచ్చి చేరాయి. ఒకే ఇంజన్ మీద రెండు పద్ధతుల బోల్టులు పక్కపక్కన ఉండగలవన్న సంగతి ఆ బండి పట్టుకునే ముందే గుర్తుండాలి.

యూరప్ ఖండం నుంచి వచ్చిన బండ్లలో మెట్రిక్ మరలే ఉన్నా వాటిలోనూ తేడాలున్నాయి. మైసూరు కార్ఖానాలో తయారైన జావా, యెజ్డీలు చెక్ నమూనాలు, ఎస్కార్ట్స్ రాజ్‌దూత్ పోలండు నమూనా, 1972లో వచ్చిన బజాజ్ చేతక్ ఇటలీ వెస్పా వంశానిది. చేతక్ ఇంజన్‌లో తరచుగా కనిపించే ఎం7×1.0 మర మిగిలిన బండ్లలో దాదాపు కనిపించదు, దాని నట్టుకు 11 నంబరు పానా కావాలి. మార్కెట్‌లో ఎం7 నట్టు దొరక్క దాని స్టడ్డును ఎం8గా మార్చిన చేతక్‌లు చాలానే ఉన్నాయి. ఆ తరువాత జపాన్ అల వచ్చింది: 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్ కేబీ 100 రోడ్డెక్కాయి. వీటి మరలు మెట్రిక్కే గాని, తల వెడల్పులు చిన్నవి, 10 మి.మీ. లావు దగ్గర ఎం10×1.5 బదులు సన్నని ఎం10×1.25 వాడకం ఎక్కువ. హార్డ్‌వేర్ దుకాణంలో ఎం10 బోల్టు అడిగితే మామూలుగా చేతికి వచ్చేది 1.5 పిచ్‌ది. నేడు తెలంగాణ రోడ్ల మీద తిరిగే బండ్లలో అత్యధికం జపాన్ అలవాట్లను పాటించేవే కాబట్టి, నర్సాపూర్ షెడ్డులో అతి తరచుగా జరిగే మర పొరపాటు ఈ ఎం10 దగ్గర జరగడంలో ఆశ్చర్యం లేదు.

సన్నని పిచ్‌ను కంపెనీలు ఊరికే ఎంచుకోలేదు. ఎం10×1.5 బోల్టులో లాగుడు బలాన్ని తట్టుకునే కోత వైశాల్యం 58 చదరపు మి.మీ. అయితే, ఎం10×1.25లో అది 61.2 చదరపు మి.మీ.; గాడి లోతు తక్కువ కావడంతో మధ్య కడ్డీ లావుగా మిగులుతుంది. మర వాలు తక్కువ కావడం వల్ల వైబ్రేషన్‌కు వదులయ్యే గుణం కూడా తగ్గుతుంది. అల్యూమినియంలో నేరుగా దిగే చిన్న బోల్టులకు మాత్రం ముతక మరే మంచిది, ఎందుకంటే మెత్తని లోహంలో ప్రతి మరకూ తగినంత మందం ఉండాలి. ఎం6×1.0, ఎం8×1.25 అన్నవి ఇంజన్ కవర్ల మీద ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

కొలిచే విధానాన్ని ఒక ఫుట్‌రెస్టు బోల్టు ఆధారంగా దగ్గరగా చూడవచ్చు. ముందుగా బోల్టును కిరోసిన్‌లో కడిగి, తీగ బ్రష్షుతో గాడుల్లోని తుప్పు, మట్టి తీసివేయాలి; మురికి నిండిన మర మీద ఏ పరికరమూ నిజం చెప్పదు. తరువాత వెర్నియర్ కాలిపర్ దవడల మధ్య మర భాగాన్ని పట్టి చూస్తే 9.85 మి.మీ. వచ్చిందనుకుందాం. దీన్ని చూసి ఇది 10 మి.మీ. బోల్టు కాదేమో అనుకోకూడదు, ఎందుకంటే మగ మరను ఎప్పుడూ పేరులోని వ్యాసం కంటే కొద్దిగా తక్కువగానే తయారు చేస్తారు. ఎం6 బోల్టు 5.8 నుంచి 5.97 వరకు, ఎం8 బోల్టు 7.76 నుంచి 7.97 వరకు ఉండటం మామూలే. పై కొన వాడకంలో అరిగి ఉంటుంది కాబట్టి మధ్య భాగంలో, రెండు మూడు చోట్ల కొలవాలి. ఇక పిచ్ కోసం కాలిపర్ కొనను ఒక మర అంచు మీద ఉంచి, దాన్ని సున్నాగా లెక్కపెట్టి, పదవ అంచు వరకు దూరం చూడాలి. మొదటి అంచునే ఒకటిగా లెక్కించి పది వద్ద ఆగితే వచ్చేది తొమ్మిది పిచ్‌ల దూరమే, అప్పుడు 1.25 పిచ్ బోల్టు 11.25 మి.మీ. చూపించి, లేని పిచ్ ఒకటి ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. సరిగా లెక్కిస్తే పది పిచ్‌లకు 12.5 మి.మీ. వస్తే అది ఎం10×1.25, 15 మి.మీ. వస్తే ఎం10×1.5.

ఇదే పనిని త్రెడ్ గేజి ఇంకా త్వరగా చేస్తుంది. రంపపు పళ్ల వంటి అంచులున్న పలుచని ఉక్కు రేకులు చిన్న కత్తి మాదిరిగా ఒక చోట మడిచి ఉండే ఈ పరికరంలో ప్రతి రేకు మీద దాని పిచ్ ముద్రించి ఉంటుంది. రేకును బోల్టు మీద ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు, పళ్ల సందుల్లో ఎక్కడా వెలుగు కనిపించకపోతే ఆ పిచ్ సరిపోయినట్టు. ఒకటి రెండు పళ్లు కూర్చుంటే చాలదు, రేకు పొడవంతా కూర్చోవాలి. మెట్రిక్ రేకుల జట్టు వేరు, 55 డిగ్రీల విట్‌వర్త్ రేకుల జట్టు వేరు. ఐటీఐ ఫిట్టరు కోర్సులో ఈ గేజి వాడకం మొదట్లోనే నేర్పుతారు, దాని ధర కూడా ఒక మంచి రింగు పానా ధరకు మించదు, అయినా చాలా షెడ్డుల్లో అది ఉండదు. మెకానిక్ చేతి స్పర్శ మీద పెట్టుకున్న నమ్మకం దీనికి కారణం. ఆ నమ్మకం చాలా వరకు న్యాయమైనదే, ఎందుకంటే మంచి పనివాడు బోల్టు తిరిగేటప్పుడు వచ్చే బరువును బట్టే మర తేడాను పసిగడతాడు. కాని స్పర్శకు దొరకని తేడాలు కొన్ని ఉన్నాయి.

వేర్వేరు పద్ధతులవైనా దాదాపు ఒకేలా ఉండే ఇటువంటి కవల మరల ప్రమాదం మొత్తం విషయంలో అన్నిటికంటే లోతైనది. బుల్లెట్‌లోని 5/16 అంగుళం సైకిల్ మర వ్యాసం 7.94 మి.మీ., అంగుళానికి 26 మరలు కాబట్టి పిచ్ 0.977 మి.మీ. మెట్రిక్‌లోని ఎం8×1.0 వ్యాసం 8 మి.మీ., పిచ్ 1 మి.మీ. తయారీలో అనుమతించే తేడా లోపల ఈ రెండు వ్యాసాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కాబట్టి కాలిపర్ ఇక్కడ తీర్పు చెప్పలేదు. పిచ్ తేడా పది మరలకు పావు మి.మీ. కంటే తక్కువ, కాబట్టి పొట్టి బోల్టు మీద గేజి రేకు కూడా రెండింటికీ సరిపోయినట్టే కనిపిస్తుంది. మరలు పొడవుగా ఉన్న స్టడ్డు దొరికితే ఇరవై పిచ్‌లు కొలవాలి, అప్పుడు ఒకటి 20 మి.మీ., మరొకటి 19.5 మి.మీ. చూపిస్తుంది. ఇంతకంటే దగా చేసేది పావు అంగుళం సైకిల్ మర: దాని పిచ్ కూడా 0.977 మి.మీ., వ్యాసం 6.35 మి.మీ. ఆ నట్టులోకి ఎం6×1.0 బోల్టు ఏ అడ్డంకీ లేకుండా చివరి వరకు దిగిపోతుంది. సన్నని బోల్టు లావు రంధ్రంలో ఉండటం వల్ల ఉండవలసిన పట్టులో మూడింట రెండు వంతులే దొరుకుతుంది. చేతికి హాయిగా తిరిగిన ఆ బోల్టే బిగింపు చివరి చుట్టులో మరను ఊడబెరుకుతుంది. విట్‌వర్త్ మరకూ, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒప్పుకున్న యూనిఫైడ్ ముతక మరకూ మధ్య కూడా ఇటువంటి పోలికే ఉంది: పావు అంగుళం వద్ద రెండింటికీ అంగుళానికి 20 మరలే, తేడా కోణంలో ఉంది.

ఇటువంటి చోట కొలత పరికరానికి తోడుగా బండి వంశం సాక్ష్యం చెప్పాలి. పాత బుల్లెట్ ఇంజన్ మీద 0.98, 1.0 మధ్య సందేహం వస్తే ముందుగా 26 మరల సైకిల్ ప్రమాణాన్నే అనుమానించాలి, ఆర్‌ఎక్స్ 100 మీద అదే సందేహం వస్తే మెట్రిక్‌నే నమ్మాలి. ఇందులో కూడా ఒక జాగ్రత్త ఉంది: యాభై ఏళ్లలో ఎన్నో చేతులు మారిన బండి మీద ఉన్న బోల్టు కంపెనీ వేసిన బోల్టే అనుకోవడానికి లేదు, మునుపటి మెకానిక్ రంధ్రానికే కొత్త మర కొట్టి ఉండవచ్చు. అందుకే అనుభవమున్న వారు విప్పిన బోల్టును గాక రంధ్రాన్ని నమ్ముతారు.

రంధ్రం లోపలి ఆడ మరను కొలవడం కష్టం, ఎందుకంటే గేజి రేకు చిన్న రంధ్రంలో ఇమడదు. రంధ్రం లోపలి అంచుల మధ్య దూరాన్ని కాలిపర్ లోపలి దవడలతో కొలిచి, దానికి పిచ్ కలిపితే పేరులోని వ్యాసం సుమారుగా వస్తుంది; ట్యాప్, అంటే రంధ్రంలో మర కోసే పనిముట్టు, కొట్టడానికి ముందు వేయవలసిన డ్రిల్లు కూడా ఈ లెక్కతోనే, అంటే వ్యాసంలో నుంచి పిచ్ తీసివేస్తే వస్తుంది. ఎం6×1.0కు 5 మి.మీ., ఎం10×1.25కు 8.8 మి.మీ. (కచ్చితంగా 8.75), ఎం12×1.5కు 10.5 మి.మీ. డ్రిల్లు వాడటం అందుకే. పిచ్ తెలియనప్పుడు కొలత ఖాయంగా తెలిసిన కొత్త బోల్టును నూనె రాసి, పానా ముట్టకుండా వేళ్లతోనే తిప్పి చూడటం ఉత్తమం. అది రెండు చుట్ల వద్ద ఆగకుండా రంధ్రం పూర్తి లోతు వరకు దిగాలి, దిగాక పక్కలకు ఊపితే ఆటలాడకూడదు. ఈ రెండు షరతుల్లో మొదటిది తప్పు పిచ్‌ను, రెండవది తప్పు వ్యాసాన్ని పట్టిస్తాయి.

స్పార్క్ ప్లగ్గుల్లో వ్యాసం, పిచ్‌లతో పాటు మర పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. ఎన్‌జీకే ప్లగ్గుల పేరులో మొదటి అక్షరం వ్యాసాన్ని చెబుతుంది: బీ అంటే 14, సీ అంటే 10, డీ అంటే 12 మి.మీ. అంకె తరువాత హెచ్ (H) అక్షరం వస్తే మర పొడవు 12.7 మి.మీ. అని, ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం వస్తే 19 మి.మీ. అని అర్థం. హోండా వంశపు 100 సీసీ ఇంజన్లలో పాత నమూనాలకు 12.7 మి.మీ. పొడవు ప్లగ్గు, తరువాతి నమూనాలకు 19 మి.మీ. ప్లగ్గు ఉన్నాయి, రెండింటి మరా ఎం10×1.0 కాబట్టి రెండూ రెండు చోట్లా ఎక్కుతాయి. పొడవు ప్లగ్గును పొట్టి రంధ్రంలో బిగిస్తే కొన దహన గదిలోకి పొడుచుకు వచ్చి పిస్టన్‌కు తగలవచ్చు. పొట్టి ప్లగ్గును లోతు రంధ్రంలో వేస్తే మిగిలిన ఖాళీ మరల్లో మసి గట్టిపడి, తరువాత సరైన ప్లగ్గు ఎక్కనీయదు.

మర దిక్కు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే బండి మీద ఎడమ చేతి మరలు, షెడ్డు భాషలో ఉల్టా చూడీ, కొద్ది చోట్లే ఉంటాయి. తరచుగా కనిపించేది యమహా బండ్ల కుడి వైపు అద్దం. ఎదురుగా వచ్చే వాహనం తగిలినప్పుడు అద్దం విరగకుండా వదులై తిరిగేందుకు ఆ ఏర్పాటు. దాన్ని మామూలు దిక్కులో విప్పబోయి హ్యాండిల్ లివర్ పట్టును పగలగొట్టడం, వేరే కంపెనీ అద్దాన్ని బలవంతంగా ఎక్కించడం రెండూ జరిగే పనులే. అద్దాల కాండాల్లో ఎం8×1.25, ఎం10×1.25 రెండూ ఉన్నాయి కాబట్టి బయట కొనే అద్దానికి దిక్కు, లావు రెండూ చూడాలి. డిస్క్ బ్రేక్ గొట్టాన్ని పట్టే బాంజో బోల్టు, అంటే మధ్యలో నూనె దారి ఉన్న బోలు బోల్టు, ఇంతకంటే తీవ్రమైన విషయం. జపాన్ నిస్సిన్ బ్రేకుల్లో అది సాధారణంగా ఎం10×1.25, ఇటలీ బ్రెంబో బ్రేకుల్లో సాధారణంగా ఎం10×1.0. తల, పొడవు, రంగు ఒకేలా ఉండే ఈ రెండింటిని తారుమారు చేస్తే మర ఊడేది బ్రేకు గట్టిగా నొక్కిన క్షణంలోనే.

కొలత సరిపోయినంత మాత్రాన బోల్టు సరిపోయినట్టు కాదు. తల మీద 8.8 అని ఉంటే, మొదటి అంకె ప్రకారం అది తెగిపోవడానికి చదరపు మి.మీ.కు 800 న్యూటన్ల బలం కావాలని, రెండవ అంకె ప్రకారం అందులో 80 శాతం వద్ద సాగడం మొదలవుతుందని అర్థం. ఏ గుర్తూ లేని బోల్టు చాలా సార్లు అందులో దాదాపు సగం బలమే ఉండే మెత్తని ఉక్కుది. లేత్ మీద కోసిన బోల్టు కంటే, వేడి చేయకుండా రెండు అచ్చుల మధ్య దొర్లించి మర తీసిన కార్ఖానా బోల్టు గట్టిది, ఎందుకంటే దొర్లించినప్పుడు లోహపు పొరలు తెగకుండా మర ఆకారం వెంట వంగుతాయి. సరైన మరతో లేత్ షాపులో చేయించిన ఇరుసు లేదా కాలిపర్ బోల్టు కొలతకు సరిగ్గా సరిపోయి కూడా రోడ్డు మీద తెగవచ్చు. బిగింపు బలానికీ హద్దు ఉంది: హోండా సర్వీసు పుస్తకాల్లో మామూలు ఎం6 బోల్టుకు 10, ఎం8కు 22, ఎం10కు 34, ఎం12కు 54 న్యూటన్ మీటర్లు ప్రామాణికంగా ఇస్తారు. ఎం6 బోల్టుకు పొడవు కాడ ఉన్న పానా వాడితే ఈ హద్దు దాటడానికి మణికట్టు బలమే చాలు.

మర పోయిన చోట అనుసరించే పద్ధతులు మూడు. లావు మర కొట్టడం సులువైనది; డ్రెయిన్ బోల్టులకు ఓవర్‌సైజు రకాలు మార్కెట్లో దొరికేది ఇందుకే, కాని ఆ పని చేసిన రోజు నుంచి ఆ బండి కంపెనీ కొలతలకు దూరమవుతుంది. రంధ్రాన్ని పెద్దది చేసి బుష్ బిగించి లోపల పాత కొలత మరనే కొట్టడం రెండవది. ప్రత్యేక ట్యాప్‌తో మర కొట్టిన రంధ్రంలో పలుచని స్టీలు తీగ చుట్టను దించే హెలికాయిల్ మూడవది. అల్యూమినియంలో ఇది మునుపటి మర కంటే గట్టిగా నిలుస్తుంది, బోల్టు కొలత మారదు. మూడింటిలో హెలికాయిల్‌కే ప్రాధాన్యం ఇవ్వాలి, ఎందుకంటే తరువాత ఆ బండి పట్టుకునే మెకానిక్‌ను అది తప్పుదారి పట్టించదు.

నర్సాపూర్ ఈ విషయంలో వనరులకు దూరంగా ఏమీ లేదు. హైదరాబాద్ వైపు సాగే ఇదే నర్సాపూర్ రోడ్డు మీద హెచ్‌ఎంటీ యంత్ర పరికరాల కార్ఖానా నడిచింది, దాని దాపున బాలానగర్‌లో 1968లో స్థాపించిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది, చుట్టూ వందలాది లేత్ షాపులున్నాయి. బోల్టుల టోకు వ్యాపారం రాణిగంజ్‌లో, రెండు చక్రాల బండ్ల విడిభాగాలు పుత్లీబౌలిలో దొరుకుతాయి. లోటు ఉన్నది వస్తువు దొరకడంలో కాదు, అడగవలసిన మాటలో. రాణిగంజ్ దుకాణంలో మూడు సూత్‌ల బోల్టు అని అడిగితే మూడు అష్టమాంశాల అంగుళం, అంటే 9.5 మి.మీ. విట్‌వర్త్ బోల్టు దొరుకుతుంది. ఇనుప గేట్ల పనికి అది సరైనదే గాని ఎం10 రంధ్రంలో అది వదులుగా ఆడుతుంది. పది నంబరు బోల్టు అంటే ఎం6 రావచ్చు, పది లావు అంటే ఎం10×1.5 రావచ్చు. ఎం10, ఒకటింబావు పిచ్, ముప్పై పొడవు, 8.8 అని నాలుగు ముక్కల్లో అడిగిన వాడికి మాత్రమే కావలసినది ఖాయంగా చేతికొస్తుంది.

షెడ్డులో చేయదగిన మార్పు కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక చెక్క పలక మీద ఎం5×0.8, ఎం6×1.0, ఎం7×1.0, ఎం8×1.25, ఎం8×1.0, ఎం10×1.5, ఎం10×1.25, ఎం10×1.0, ఎం12×1.25, ఎం12×1.5, ఎం14×1.5 కొత్త నట్లను వరుసగా బిగించి కింద కొలతలు రాసి ఉంచితే, డబ్బాలో నుంచి తీసిన ఏ బోల్టునైనా నిమిషంలో పోల్చి చూసి వేర్వేరు సీసాల్లో వేయవచ్చు. బుల్లెట్లు ఎక్కువగా వచ్చే షెడ్డు అయితే పావు, 5/16, 3/8 అంగుళాల 26 మరల నట్లు మూడింటిని ఎర్ర రంగు పూసి వేరే వరుసలో బిగించాలి, ఎందుకంటే పావు అంగుళం నట్టు ఎం6 బోల్టును కూడా లోపలికి రానిస్తుంది. కాబట్టి ప్రతి సన్నని బోల్టును ముందు మెట్రిక్ వరుసలోనే చూసి, అక్కడ బిగుతుగా ఆగిపోయినప్పుడే ఎర్ర వరుసకు రావాలి.